చెరువుల లేయర్లను మూటగట్టి పంపిన అనుభవం

“అమ్మా, నువ్వు పంపిన ఫైల్ తెరిచాను. లేయర్ల పేర్లు వరసగా కనిపిస్తున్నాయి. ప్రతి పేరు పక్కన హెచ్చరిక గుర్తు ఉంది. మ్యాప్ మాత్రం తెల్లగా ఉంది. ఒక్క చెరువు కూడా రాలేదు.”

ఫోన్ చేసింది ఒక రిటైర్డ్ ఇంజనీరు, మేం డీఈ గారని పిలుస్తాం. ఉండేది హనుమకొండలో. సర్వీసులో ఉన్నప్పుడు మేం పనిచేస్తున్న మండలంలో చెరువు కట్టలన్నీ నడిచి తిరిగిన మనిషి. రిటైరయ్యాక పట్టుబట్టి క్యూజీఐఎస్ నేర్చుకున్నారు, కంప్యూటర్‌లో మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అందులో మ్యాప్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన లేయర్లు, చెరువులు ఒక పొర, తూములు ఇంకో పొర. మేం ఆర్నెల్లు ఊరూరా తిరిగి గీసిన మ్యాప్‌ను ముందుగా ఆయనే చూడాలని, తప్పులుంటే ఆయనే దిద్దాలని మా బృందంలో అందరం అనుకున్నాం. ఆయన సరేనన్నాకే ఊళ్లకు, ఆఫీసులకు ఇవ్వాలన్నది మా నిర్ణయం.

నేను పంపిన ఫైల్ 38 కేబీ. అందులో 63 చెరువులు, కుంటలు, వాటి కట్టలు, 71 తూములు, మత్తళ్లు (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోట్లు), కాలువలు, ఊళ్ల హద్దులు అన్నీ ఉన్నాయనుకున్నాను. వాట్సాప్‌లో వచ్చే ఒక మామూలు ఫొటో కూడా దానికంటే పెద్దగా ఉంటుంది. ఆ సైజు చూసినప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు.

ఈ మ్యాప్ ఎందుకు మొదలైందో చెప్పాలి. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానలకు భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరిని ముంచేసింది. మా వైపు కూడా చాలా చెరువులకు గండ్లు పడ్డాయి. ఇక్కడి చెరువులు కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టుగా ఉన్నవి. పై చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కాలువ వెంట కింది చెరువులోకి వస్తాయి, అది నిండితే ఇంకా కిందికి పోతాయి. పైన గండి పడితే ఆ వరద మొత్తం ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. కాబట్టి ఏ చెరువు తర్వాత ఏ చెరువు, ఎవరి మత్తడి ఎటు పోతుంది, ఏ తూము పనిచేస్తుంది, కట్ట ఎక్కడ కుంగింది అన్నవి ఒకచోట ఉంటే తర్వాతి వానాకాలానికి ఊళ్లు ముందే జాగ్రత్తపడొచ్చు. ఈ సంగతులన్నీ తెలిసినవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. తూములు ఎత్తి దించే నీరటికాళ్లు వాళ్లు. వాళ్ల వెంట తిరిగి, వాళ్లు చూపించినచోట ఫోన్‌లో పాయింట్ పెట్టుకుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకున్నాం.

అంత కష్టపడి పోగుచేసింది అవతలి మనిషి కంప్యూటర్‌లో తెల్ల కాగితంలా కనిపించిందంటే నాకు ఎలా ఉంటుంది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అసలు నేను చేసింది ఇదీ. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్లి, ‘లేయర్ డెఫినిషన్ ఫైల్’గా సేవ్ చేశాను. పేరు చూసి లేయర్ మొత్తం అందులోకి వెళ్తుందనుకున్నాను. అందులోకి వెళ్లేవి రెండే. చెరువు నీలం రంగులో ఉండాలి, గండి పడినదానికి ఎర్ర అంచు ఉండాలి, లేబుల్ ఈ సైజులో రావాలి అనే అలంకరణ ఒకటి. డేటా ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో, ఏ ఫైల్‌లో ఉందో చెప్పే చిరునామా ఇంకొకటి. డేటా నా ల్యాప్‌టాప్‌లో డీ డ్రైవ్‌లోనే ఉండిపోయింది. ఆయన కంప్యూటర్ ఆ చిరునామాకు వెళ్లి తలుపు తట్టింది, అక్కడ ఇల్లే లేదు. లైసెన్స్ కొని వాడే ఇంకో మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్‌లో లేయర్ ఫైల్ కూడా ఇలాంటిదే. ఒకే ఆఫీసులో, ఒకే సర్వర్ మీద పనిచేసేవాళ్లు రంగులూ లేబుళ్లూ పంచుకోవడానికి ఈ ఫైళ్లు బాగా పనికొస్తాయి. ఊరు దాటి పంపడానికి పనికిరావు.

తెర మీద చెరువు కనిపిస్తోంది కాబట్టి చెరువు లేయర్‌లోనే ఉందనుకుంటాం. జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు చేసే పని, నేర్చుకునే పిల్లలకు నేను ఇప్పుడు మొదటి రోజే చెప్పే మాట ఇది: లేయర్ అంటే చూసే చూపు, డేటా వేరేచోట ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే రెండో ప్రయత్నం. డేటానే పంపాలి కదా, ప్రతి లేయర్‌నూ షేప్‌ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి జిప్ చేసి పంపాను. షేప్‌ఫైల్ మ్యాప్ డేటా దాచడానికి అందరికీ తెలిసిన ఫార్మాట్. 1990ల నాటిది, ఏ సాఫ్ట్‌వేర్ అయినా తెరుస్తుంది. అందుకే మనవాళ్లు ఇప్పటికీ “షేప్‌ఫైల్ పంపండి” అనే అడుగుతారు.

గంటలో ఫోన్ వచ్చింది. “అమ్మా, ఇప్పుడు చెరువులు వచ్చాయి. కానీ పేర్లు నాకు చదవరావడం లేదు.”

స్క్రీన్ ఫొటో తీసి పంపమన్నాను. ఊరచెరువు ఉండాల్సిన చోట తల మీద చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ‘ఎ’, ప్లస్ కింద మైనస్ ఉండే గుర్తు, మధ్యలో ఇంకేవో గుర్తులు. అలా వరసగా అరవై మూడు పేర్లు. దీని వెనక కారణం అర్థం చేసుకుంటే మళ్లీ ఎప్పుడు కనిపించినా గుర్తుపట్టొచ్చు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరాన్నీ, గుణింతపు గుర్తునూ మూడేసి బైట్లతో దాస్తారు. ఆ మూడింటిలో మొదటిది తెలుగుకు ఎప్పుడూ ఒకటే. రెండోది రెండు రకాలుగానే ఉంటుంది. ఆ మూడు బైట్లను కలిపి చదవాలని తెలియని సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కదాన్ని విడిగా పాత పాశ్చాత్య అక్షరంగా చూపిస్తుంది. మొదటి బైట్ ఆ గీత ఉన్న ‘ఎ’ అవుతుంది, రెండోది డిగ్రీ గుర్తో, ప్లస్-మైనస్ గుర్తో అవుతుంది. అందుకే తెలుగు పాడైతే ఎప్పుడూ ఒకే తీరుగా కనిపిస్తుంది.

కలిపి చదవమని చెప్పే ఫైల్ ఒకటి ఉంటుంది. షేప్‌ఫైల్ అంటే పేరుకే ఒక ఫైల్, నిజానికి అది ఫైళ్ల గుంపు. ఆకారాలది ఒకటి, వాటి సూచిక ఒకటి, టేబుల్ ఒకటి, కోఆర్డినేట్ సిస్టమ్ (చోటును అంకెల్లో చెప్పే పద్ధతి) ఏదో చెప్పేది ఒకటి, ఏ అక్షర పద్ధతిలో రాశారో చెప్పేది ఇంకొకటి. ఈ చివరిదాని పొడిగింపు సీపీజీ. తెరిచి చూస్తే లోపల ఉండేది ఒక్క మాట. చిన్నదని, అవసరం లేదనుకుని నేను దాన్ని జిప్‌లో పెట్టలేదు. ఆ ఒక్క మాట లేక అరవై మూడు చెరువుల పేర్లు పాడయ్యాయి.

సీపీజీ ఫైల్ విడిగా పంపాను. పేర్లు వచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో ప్రశ్న.

“ఈ పెద్దచెరువు మత్తడి పొడవు కాలమ్ పక్కన అదే పేరుతో ఇంకోటి ఉందేంటమ్మా? అందులో 2020 అని ఉంది. మత్తడి 2020 మీటర్లు ఉండదు కదా?”

ఇది కూడా షేప్‌ఫైల్‌తో వచ్చిన చిక్కే. కాలమ్ పేరు పది అక్షరాలకు మించకూడదు. మేం కాలమ్ పేర్లను ఇంగ్లిష్ లిపిలో రాసుకున్నాం. ఒకటి ‘మత్తడి పొడవు’, ఇంకోటి ‘మత్తడి పోసిన ఏడు’, అంటే ఆ చెరువు ఆఖరిసారి నిండి పొర్లిన సంవత్సరం. ఇంగ్లిష్ అక్షరాలు పది లెక్కపెడితే రెండూ సరిగ్గా ‘మత్తడి పొ’ దగ్గరే తెగుతాయి. రెండు పేర్లూ ఒకటే అయ్యేసరికి సాఫ్ట్‌వేర్ రెండోదాని చివర ఒకటి అంకె తగిలించింది. ఏది పొడవో, ఏది ఏడాదో టేబుల్ చూసి చెప్పలేం. డీఈ గారికి చెరువులు తెలుసు కాబట్టి 2020ని పట్టుకున్నారు. ఏమీ తెలియని మనిషి చేతికి వెళ్లి ఉంటే? ఏడాదిని పొడవనుకుని ఎవరైనా వరద లెక్క వేస్తే?

దానికంటే బాధపెట్టింది ఇంకొకటి. నీరటికాళ్లు చెప్పిన మాటలు రాసుకున్న కాలమ్ ఉంది కదా, అందులో పొడవైన వాక్యాలన్నీ మధ్యలోనే తెగిపోయాయి. షేప్‌ఫైల్‌లో ఒక గడిలో 254 బైట్లకు మించి పట్టవు. ఇంగ్లిష్‌కు అది రెండు మూడు వాక్యాలు. తెలుగుకు గుణింతాలు, వత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి కాబట్టి 84 గుర్తులకే అయిపోతుంది. “...పాత తూము దగ్గర కట్ట లోపలి నుంచి నీళ్లు ఊరుతున్నయి, రెండేండ్ల నుంచి చెప్తున్న, రాళ్లు” అని ఒక ముసలాయన చెప్పిన మాట ‘రాళ్లు’ దగ్గర ఆగిపోయింది. రాళ్లు ఎక్కడ పేర్చాలో ఆయన చెప్పిందంతా పోయింది. నా దగ్గర అసలు ఫైల్ ఉంది కాబట్టి సరిపోయింది. ఎక్స్‌పోర్ట్ అయ్యేటప్పుడు వచ్చిన హెచ్చరికను మాత్రం నేను చదవకుండా మూసేశాను.

ఆ రోజే నిర్ణయించుకున్నాను, తెలుగు ఉన్న డేటాను షేప్‌ఫైల్‌లో పంపేది లేదని.

మూటగట్టడం ఎలా ఉండాలో నాకు మొదట తెలియజెప్పింది మాకు వేరేచోట నుంచి వచ్చిన ఒక లేయర్ ప్యాకేజ్. వాగులు, వంకల డేటా కావాలని అడిగితే ఆర్క్‌జీఐఎస్‌లో తయారైన ఎల్‌పీకే (లేయర్ ప్యాకేజ్) ఫైల్ ఇచ్చారు. మా దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ లేదు. ఏం చేయాలో తోచక వెతికితే తెలిసింది, అది 7-జిప్ పద్ధతిలో కుదించిన మూట అని. 7-జిప్‌తో విప్పితే లోపల ఫోల్డర్లు, వాటిలో ఆర్క్‌జీఐఎస్ తన డేటా దాచుకునే జియోడేటాబేస్ కనిపించాయి. క్యూజీఐఎస్ ఆ జియోడేటాబేస్‌ను నేరుగా తెరిచింది. రంగులు, గీతల మందాలు రాలేదు, ఎందుకంటే వాళ్ల లేయర్ ఫైల్‌ను క్యూజీఐఎస్ తనంతట తాను చదవలేదు. డేటా మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. అలంకరణ, డేటా రెండూ ఒకే మూటలో ఉన్నాయి, ఎక్కడ విప్పినా చిరునామా లోపలే దొరుకుతుంది. మా చెరువులకూ ఇలాంటిదే కావాలి అనుకున్నాను.

క్యూజీఐఎస్‌లో ఆ పని చేసేది జియోప్యాకేజ్. మ్యాప్ డేటాకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఓజీసీ 2014లో దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. లోపల అది ఒక ఎస్క్యూలైట్ డేటాబేస్, బయటికి ఒకే ఒక్క ఫైల్. కాలమ్ పేరుకు పది అక్షరాల హద్దు లేదు, గడికి 254 బైట్ల హద్దు లేదు, తెలుగును క్యూజీఐఎస్ అందులో యూటీఎఫ్-8లోనే దాస్తుంది. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో డేటాబేస్ కింద ‘ప్యాకేజ్ లేయర్స్’ అనే పరికరం ఉంది. కావలసిన లేయర్లకు టిక్ పెట్టి, స్టైళ్లను కూడా జియోప్యాకేజ్‌లో దాచమన్న గడికి టిక్ పెట్టి, ఫైల్ పేరు ఇచ్చి రన్ నొక్కితే చాలు. స్టైల్ లోపలే ఒక టేబుల్‌గా కూర్చుంటుంది. అవతల లేయర్‌ను లాగి వేయగానే రంగులతో సహా వస్తుంది.

చెప్పినంత సులువుగా మొదటిసారే కుదరలేదు. ప్యాకేజ్ చేసి తెరిస్తే 63 చెరువుల్లో 11 మాత్రమే ఉన్నాయి. గుండె గుభేలుమంది. ముందు రోజు గండి పడిన చెరువులను మాత్రమే చూడడానికి లేయర్ మీద ఫిల్టర్ పెట్టి, తీయడం మర్చిపోయాను. ఫిల్టర్ ఉంటే తెర మీద కనిపించేవే మూటలోకి వెళ్తాయి. అప్పటినుంచి ప్యాకేజ్ చేసే ముందు ప్రతి లేయర్‌లో ఎన్ని వరసలున్నాయో కాగితం మీద రాసుకుంటాను, చేశాక మూటలో ఎన్ని ఉన్నాయో చూసి పక్కన టిక్ పెడతాను.

తర్వాత గమనించింది రాస్టర్ సంగతి, అంటే గడి గడికీ ఒక విలువ ఉండే చిత్రం లాంటి డేటా. కట్టల ఎత్తుపల్లాలు చూడడానికి అంతరిక్షం నుంచి కొలిచిన 30 మీటర్ల ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా వాడాం. ప్యాకేజ్ లేయర్స్ వెక్టర్ లేయర్లనే, అంటే పాయింట్లు, గీతలు, ఆకారాలు ఉన్నవాటినే తీసుకుంటుంది. అందుకని ఎత్తుల రాస్టర్‌ను మండలం హద్దు వరకు కత్తిరించి, కుదించి, జియోటిఫ్ అనే చిత్రం ఫైల్‌గా అదే ఫోల్డర్‌లో పక్కన పెట్టాను. మ్యాప్ కింద పరిచిన శాటిలైట్ చిత్రం ఇంటర్నెట్ నుంచి వచ్చేది, అది మూటలోకి రాదు. డీఈ గారి ఇంట్లో నెట్ సరిగా ఉండదు కాబట్టి వెనక బొమ్మ లేకపోయినా అర్థమయ్యేలా రోడ్లు, ఊళ్ల పాయింట్లు కూడా లేయర్లుగా చేర్చాను.

తూముల గుర్తుది ఇంకో కథ. మా బృందంలో ఒక అబ్బాయి తూముకు చక్కటి బొమ్మ గీశాడు, నిలువు రాతి స్తంభాలు, మధ్యలో కర్ర. ఎస్‌వీజీ ఫైల్‌గా నా డౌన్‌లోడ్స్‌లో ఉండేది. అవతల తెరిస్తే ప్రతి తూము చోటా ప్రశ్నార్థకం! స్టైల్‌లో ఉన్నది బొమ్మ ఉన్న దారి మాత్రమే. సింబల్ సెట్టింగ్స్‌లో ఫైల్ పేరు పక్కనున్న బాణం నొక్కితే ‘ఎంబెడ్ ఫైల్’ అని ఉంటుంది. అది ఎంచుకుంటే బొమ్మ స్టైల్ లోపలికే వెళ్తుంది. ఫాంట్‌కు మాత్రం అలాంటి వీలు కనిపించలేదు. అందుకని నాకెంతో ఇష్టమైన మండలి ఫాంట్ వదిలేసి, విండోస్‌లో ముందే ఉండే నిర్మలా యూఐకి మార్చాను. అక్షరం అందం కొంత తగ్గింది, కానీ అందరి దగ్గరా తెలుగు విరగకుండా కనిపిస్తుంది.

ఆ తర్వాత ప్రాజెక్ట్. లేయర్లు ప్యాకేజ్ అయినా, నా ప్రాజెక్ట్‌లో ఉన్నవి ఇంకా పాత ఫైళ్లనే చూస్తుంటాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. కొత్త ప్రాజెక్ట్ తెరిచి, జియోప్యాకేజ్‌లోని లేయర్లను అందులోకి తెచ్చుకుని, పై నుంచి కిందికి వరస పెట్టుకుని, అప్పుడు ఆ ప్రాజెక్ట్‌ను అదే జియోప్యాకేజ్ లోపల సేవ్ చేశాను. ప్రాజెక్ట్ మెనూలో ‘సేవ్ టు’ కింద ఆ వీలుంది. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో దారులు ‘రిలేటివ్’గా ఉన్నాయో లేదో కూడా చూశాను. ఇలా చేస్తే ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టినా, డెస్క్‌టాప్ మీద పెట్టినా పక్కనున్న జియోటిఫ్ దొరుకుతుంది.

అంతా సిద్ధం. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, హనుమకొండ వెళ్లే మా వాళ్లతో పంపించాను. సాయంత్రం డీఈ గారు, “అంతా బాగుందమ్మా, కానీ నిన్న ఫోన్‌లో నేను చెప్పిన దిద్దుబాట్లు ఇందులో లేవు” అన్నారు. ఆరు చెరువులకు ఆ పొద్దున్నే నేను దిద్దుబాట్లు చేశాను, సేవ్ కూడా నొక్కాను. నా కంప్యూటర్‌లో ఉన్నాయి, పెన్‌డ్రైవ్‌లో లేవు. కాసేపు నాకేమీ అర్థం కాలేదు.

ఫోల్డర్ జాగ్రత్తగా చూస్తే జియోప్యాకేజ్ పక్కన అదే పేరుతో రెండు చిన్న ఫైళ్లు కనిపించాయి, ఒకదాని చివర ‘వాల్’ అని ఉంది. క్యూజీఐఎస్ తెరిచి ఉన్నంతసేపు కొత్త మార్పులు ముందు ఆ ఫైల్‌లోకి వెళ్తాయి. కనెక్షన్ మూసినప్పుడు అసలు ఫైల్‌లో కలుస్తాయి, ఆ చిన్న ఫైళ్లు మాయమవుతాయి. నేను క్యూజీఐఎస్ తెరిచి ఉండగానే అసలు ఫైల్‌ను మాత్రమే కాపీ చేశాను. దిద్దుబాట్లు ఆ చిన్న ఫైల్‌లో నా దగ్గరే మిగిలిపోయాయి. ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి. తప్పు చూపించే హెచ్చరిక ఏదీ రాదు, మ్యాప్ చక్కగా తెరుచుకుంటుంది, పొద్దుటి పని మాత్రం అందులో ఉండదు. డీఈ గారు తన దిద్దుబాట్లు గుర్తుపెట్టుకుని వెతకబట్టి తెలిసింది.

ఇప్పుడు నా నియమం ఒకటే: క్యూజీఐఎస్ పూర్తిగా మూసి, ఆ చిన్న ఫైళ్లు పోయాయని కళ్లతో చూశాకే కాపీ.

మళ్లీ పంపే ముందు ఒక రోజు ఆగాను. తొందరపడి ముక్కలు ముక్కలుగా పంపుతూ పెద్దాయన్ని ఇబ్బంది పెడుతున్నానని బాధగా ఉంది. నా మూటను నేనే పరాయి మనిషిలా తెరిచి చూడాలనుకున్నాను. అసలు డేటా ఉన్న ఫోల్డర్ పేరు మార్చేశాను, పాత దారులన్నీ తెగిపోయేలా. క్యూజీఐఎస్‌లో కొత్త యూజర్ ప్రొఫైల్ ఒకటి చేశాను, నా ఇష్టాలూ సెట్టింగులూ ఏవీ లేకుండా. వైఫై ఆపేశాను. అప్పుడు మూటను డెస్క్‌టాప్ మీద పెట్టి తెరిచాను. ఊళ్ల హద్దుల లేయర్ రాలేదు. చూస్తే అది నేను ఎప్పుడో చేసుకున్న తాత్కాలిక లేయర్, ప్యాకేజ్ చేసేటప్పుడు దానికి టిక్ పెట్టలేదు. తాత్కాలిక లేయర్ మెమరీలోనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మూస్తే పోతుంది. దాన్ని మళ్లీ తయారుచేసి కలిపాను. ఈ పరీక్ష మొదటిసారే చేసి ఉంటే ఆ ఫోన్లలో సగం వచ్చేవి కావు.

అదే రోజు అట్రిబ్యూట్ టేబుల్ తెరిచి కాలమ్‌లు ఒక్కొక్కటే చూస్తుంటే ఇంకో విషయం కంటపడింది. నీరటికాళ్ల ఫోన్ నంబర్లు! ఫీల్డ్‌లో తిరిగేటప్పుడు మళ్లీ అడగాల్సి వస్తుందని రాసుకున్నవి. నేను ఆ కాలమ్‌ను టేబుల్‌లో కనిపించకుండా దాచాను కాబట్టి లేనట్టే అనిపించింది. దాచినంత మాత్రాన పోదు, మూటలో అది కూడా వెళ్తుంది. ఆ మనుషులు మమ్మల్ని నమ్మి చెప్పారు. చెరువు గురించి తప్పు పట్టినట్టు మాట్లాడిన వాళ్లూ ఉన్నారు. వాళ్ల నంబర్లు ఎవరెవరి చేతుల్లోకో పోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. కాలమ్ తీసేశాను. ఎస్క్యూలైట్‌లో తీసేసినదాని ఆనవాళ్లు ఫైల్ లోపల ఖాళీ జాగాలో మిగిలి ఉండొచ్చని చదివాను, అందుకే అదే ఫైల్‌ను వాడకుండా ఆ కాలమ్ లేని లేయర్‌తో పూర్తిగా కొత్త జియోప్యాకేజ్ తయారుచేశాను. ఇంతకుముందు డీఈ గారికి వెళ్లిన కాపీలు తుడిచేయమని అడిగాను. ఎందుకో చెబితే, “మంచి పని చేశావు” అని వెంటనే తుడిచేశారు.

మూటలో చివరగా ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ పెట్టాను. డేటా ఎప్పుడు సేకరించాం, కోఆర్డినేట్ సిస్టమ్ ఏది (ఫోన్‌లో తీసినవి డబ్ల్యూజీఎస్ 84లో, అంటే అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే, విస్తీర్ణాలు సరిగా రావడానికి అన్నిటినీ మీటర్లలో లెక్కించే యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి మార్చాం), ‘స్థితి’ కాలమ్‌లో 1 అంటే బాగుంది, 2 అంటే కుంగింది, 3 అంటే గండి పడింది, ‘పూడిక’ కాలమ్‌లో ఉన్నది మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన ఏడాది, ఏ వివరం ఊరివాళ్లు చెప్పింది, ఏది మేం టేపు పెట్టి కొలిచింది. ఇవన్నీ మాకు కంఠతా వచ్చిన సంగతులు, అవతలి మనిషికి అంకెలు మాత్రమే. ఒక్క పేజీ రాయడానికి సాయంత్రం మొత్తం పట్టింది. ఆ పేజీ లేకుండా పంపిన మ్యాప్ సగం మ్యాపే అని నా గట్టి అభిప్రాయం.

తర్వాత్తర్వాత, డీఈ గారు దిద్దడం పూర్తయ్యాక, ఒక ఆఫీసువాళ్లు ఆర్క్‌జీఐఎస్ ప్రో పద్ధతిలో కావాలన్నారు. లైసెన్స్ ఉన్న ఒక స్నేహితురాలి దగ్గరకు వెళ్లి, జియోప్యాకేజ్ అందులో తెరిచి, రంగులు మళ్లీ పెట్టుకుని, షేర్ ట్యాబ్‌లో లేయర్ ప్యాకేజ్ చేశాం. అక్కడ పేరుతో పాటు సారాంశం, ట్యాగులు రాయనిదే ముందుకు పోనివ్వదు. మొదట విసుగనిపించింది, తర్వాత మెచ్చుకున్నాను. ‘ఎనలైజ్’ నొక్కితే లోపాలు ముందే వరసగా చూపిస్తుంది. దారి తెగిన లేయర్ ఉంటే అక్కడే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో పెట్టకుండా ఫైల్‌గా సేవ్ చేసుకున్నాం. తీసుకున్నవాళ్లు దాన్ని తెరిస్తే డేటా వాళ్ల డాక్యుమెంట్స్‌లో ఆర్క్‌జీఐఎస్ కింద ప్యాకేజెస్ ఫోల్డర్‌లో విప్పుకుంటుంది. తర్వాత దిద్దుబాట్లు చేసేవాళ్లు ఆ కాపీనే దిద్దుతున్నామని గుర్తుంచుకోవాలి, లేకపోతే ఒకే చెరువుకు రెండు రకాల వివరాలు తయారవుతాయి. ఊరి కుర్రాళ్లు ఫోన్‌లో చూసుకోవడానికి చెరువులు, కాలువలు మాత్రం గూగుల్ ఎర్త్‌లో తెరుచుకునే కేఎంఎల్ ఫైల్‌గా ఇచ్చాం.

అంతకంటే ముందు, డీఈ గారికి మూటను నేనే స్వయంగా తీసుకెళ్లాను. ఆయన టేబుల్ దగ్గర కూర్చుని పెన్‌డ్రైవ్ నుంచి ఫోల్డర్ కాపీ చేసి, తెరవమన్నాను. ఈసారి నేను మౌస్ ముట్టుకోలేదు. చెరువులు నీలంగా, కాలువలు సన్నగా, తూములు ఆ అబ్బాయి గీసిన బొమ్మతో ఒక్కసారిగా వచ్చాయి. పేర్లు తెలుగులో, విరగకుండా. ఆయన కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వేలు స్క్రీన్ మీద పెట్టి, పై చెరువు నుంచి కింది చెరువుకు కాలువ వెంట మెల్లగా జరుపుతూ పోయారు. మూడో చెరువు దగ్గర ఆగారు.

“ఈ మత్తడి ఇటు కాదమ్మా. ఇది పడమటికి పోతది. మధ్యలో రోడ్డు పడ్డాక కల్వర్టు కింద నుంచి తిప్పినం.”

ఆర్నెల్లుగా నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. అంతవరకూ మా మాటలు ఎక్కువగా ఫైళ్ల గురించే, ఆ మధ్యాహ్నం మాత్రం చెరువుల గురించే మాట్లాడుకున్నాం. రెండు గంటలు కూర్చున్నాం. అమ్మగారు టీ తెచ్చి పెట్టారు, అది చల్లారిపోయింది.

వారం తర్వాత ఆయన మూట తిరిగి పంపారు. “క్యూజీఐఎస్ మూసేసి, ఆ చిన్న ఫైళ్లు పోయినంక కాపీ చేసిన” అని మెసేజ్ కూడా పెట్టారు. తెరిచి, అలవాటు ప్రకారం వరసలు లెక్కపెట్టాను. తూముల లేయర్‌లో 71 ఉండాల్సిన చోట 73 ఉన్నాయి. కొత్తవి రెండూ ఒకే చెరువువి, ఉత్తరం గట్టున. మాతో తిరిగిన నీరటికాడికి కూడా తెలియనివి. వివరాల గడిలో డీఈ గారు రాశారు: “మట్టి కింద పూడుకుపోయినవి. రాతి తూములు. తవ్వితే దొరుకుతవి, నేను చూపిస్త.”